కాటుక పెన్సిల్

2005 వేసవిలో ఒక ఉదయం, దుబాయిలో జెబెల్ అలీ వెళ్లే బస్సులో నేను ఫోనులో తెలుగు మాట్లాడడం విని పక్కసీటు పెద్దాయన నా వైపు ఒరిగాడు.

“బిడ్డా, నా తల ఎనక తెల్లగ కనవడ్తున్నదా?”

రంగేసిన జుట్టు నల్లగా మెరుస్తోంది. మెడ పైన, అద్దానికి అందని చోట మాత్రం తెల్లగానే ఉంది. ఉందని చెప్పాను.

ఆయన జేబులోంచి కాటుక పెన్సిల్ తీసి నా చేతిలో పెట్టాడు.

“జర దిద్దు. ఇయ్యాల మా ముదీర్, గదే మేనేజరు, వీసాల సంగతి చూస్తడు. ముసలోళ్లయి రెన్యువల్ చేస్తలేడు. ఏజెంటు నా పాస్‌పోర్టుల వయసు పదేండ్లు తక్కువేసిండు. తలనే బయటపెడ్తది.”

“రూములో ఎవరూ లేరా?”

“అంత పోరగాండ్లే. ఆళ్లకు తెలిస్తే ముదీర్ దాక పోతది.”

“పింఛను లాంటిదేమైనా ఇస్తారా?”

“మనకెక్కడిది బిడ్డా. ఆయన వద్దంటే ఖలాస్.”

తల వంచాడు. కుదుపుల మధ్య మెల్లగా దిద్దాను.

“ఈడికొచ్చినంక మంగలి తప్ప నా తల ఎవరు ముట్టలే” అన్నాడు.

తన స్టాపులో లేచాడు. వెనక నుంచి చూస్తే జుట్టంతా నలుపే. మెట్లు దిగడానికి మాత్రం రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాడు. కిందికి దిగాక, అలా దిగడం ఎవరైనా చూశారేమోనని బస్సు వైపు తిరిగాడు.

నేను చూడనట్టు తల పక్కకు తిప్పుకున్నాను.