సగం సాక్ష్యం

మొదటే ఒప్పుకుంటున్నాను. మా సంఘంలో నాకంటే తెలివితక్కువవాడు లేడు. దేవుడి మీద అనుమానం వచ్చినందుకు ఈ మాట అనడం లేదు; అనుమానం తెలివైనవాళ్ళకూ వస్తుంది. దాన్ని బయటపెట్టడానికి నేను ఎంచుకున్న చోటు అలాంటిది. ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పే వేళ, సంఘమంతా కూర్చొని ఉండగా, మైకు పట్టుకొని చెప్పాను. వల వేసి కూర్చున్నవాళ్ళ పడవలోకి చేప తనంతట తానే ఎగిరి దూకడమంటే ఇదే.

సాక్ష్యమంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు. మా గుడిలో (చర్చిని మేము గుడి అనే అంటాము) పాటలకూ ప్రసంగానికీ మధ్య ఎవరైనా లేచి, తన జీవితంలో దేవుడు చేసిన మేలు చెప్పవచ్చు. చెప్పే తీరు మాత్రం ఒకటే. మొదటి సగంలో మనిషి పడిపోతాడు: తాగుతాడు, జబ్బు పడతాడు, దేవుణ్ణి మరిచిపోతాడు. రెండో సగంలో లేస్తాడు. రెండింటి మధ్య కీబోర్డు మీద ఒక రాగం సన్నగా మొదలై మెల్లమెల్లగా పైకి ఎక్కుతుంది. వాయించేది మా ఆవిడ తమ్ముడు. ఎంత లోతున పడినవాణ్ణయినా లేపగల చేయి అతనిది. మొదటి సగం చెప్పి కూర్చున్నవాణ్ణి నేనెన్నడూ చూడలేదు. చూడకపోయినా, నేను కూర్చోగలననుకున్నాను.

నాది సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం. చుట్టుపక్కల శనగ చేలకూ నాపరాళ్ళు కోసే మిషన్లకూ కరెంటు పోయేది మా దగ్గరనుంచే. లైను మీద పని ఉంటే లైన్‌మన్ ముందు నాకు ఫోన్ చేస్తాడు. నేను కరెంటు ఆపి, ఒకటికి రెండుసార్లు చూసి, "లైన్ క్లియర్" అంటాను. ఆ మాట నమ్మి అతను స్తంభం ఎక్కుతాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఒక్కసారి కూడా తప్పుగా చెప్పలేదు. గొప్పకు చెప్పడం లేదు. ఇంకాసేపట్లో సిగ్గుపడాల్సి ఉంది, అప్పుడు పనికొస్తుందని చెబుతున్నాను.

అనుమానం ఫలానా రోజున వచ్చిందని చెప్పలేను. సిగ్నల్ పోయిన సంగతి తెలియక మనిషి ఫోన్‌లో తన కష్టమంతా చెప్పుకొని, చివరికి "హలో, హలో" అంటాడు చూడండి. ఒక మధ్యాహ్నం డ్యూటీలో క్యారియర్ విప్పి, అన్నం ముందు కళ్ళు మూసుకుంటే నాకు అలా అనిపించింది. ఆ తర్వాత రెండేళ్ళు నేను చేసిన ప్రార్థనలన్నీ హలోలే. సంఘం పుస్తకంలో మాత్రం నా పేరు విశ్వాసుల వరుసలోనే ఉంది. విశ్వాసంలో నా దగ్గర మిగిలింది శ్వాస ఒక్కటే.

ఎవరికీ చెప్పకుండా అలాగే గడిపేసేవాణ్ణి. కానీ ఆ ఏడాది నన్ను సంఘ పెద్దల్లో ఒకణ్ణి చేద్దామనుకున్నారు. పెద్దంటే క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గర పళ్ళెం పట్టుకొని వరుస వరుసకూ తిరగాలి. ఇచ్చేవాడికే నమ్మకం లేకపోతే పుచ్చుకునేవాళ్ళకు అన్యాయం చేసినట్టే అనిపించింది. అందుకని నా మీద నేనే అవిశ్వాస తీర్మానం పెట్టుకుందామని లేచాను.

"రెండేండ్ల నుంచి నేను చేసే ప్రార్థన యాడికి పోతాందో నాకు తెలీదు," అన్నాను. "ఆడ వినేవాడు ఉండాడో లేడో కూడా తెలీదు. లోపల ఏమీ లేదు."

నేను చెప్పదలచుకున్నది అంతే. ముందు వరుసలో ఒక పెద్దాయన, "స్తోత్రం!" అన్నాడు. ఏమీ లేదంటే స్తోత్రం ఎందుకో అర్థమయ్యేలోపల కీబోర్డు మొదలైంది. తలలన్నీ నా వైపు ముందుకు వంగాయి. పద్యం మధ్యలో మరిచిపోయిన పిల్లవాణ్ణి చూసినట్టు పాస్టరు అయ్యగారు నన్ను జాలిగా చూసి, మాట అందించారు.

"అయితే ప్రభువు నిన్ను వదల్లేదు. చెప్పప్పా, భయపడొద్దు, చెప్పు."

రాగం పైకి ఎక్కుతోంది. అది దిగాలంటే నేను ఏదో ఒకటి చెప్పాలి. "అయితే," అన్నాను. ఆ తర్వాత నోటిని ఆపడం నా చేతుల్లో లేదు. నలభై దినాలు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి మోకరించానన్నాను. నలభయ్యో దినం గుండెలోకి వెచ్చగా ఏదో దిగిందన్నాను. సండే స్కూల్లో విన్న కథల్లో వానకైనా ఉపవాసానికైనా నలభై దినాలే, అందుకే ఆ లెక్క నోటికి వచ్చింది. హల్లెలూయాలకు పైన రేకులు అదిరాయి. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ ఒక్కతే నోరు విప్పకుండా నన్ను చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి చెప్పులు విడిచేదాకా ఆగి, అడిగింది.

"నాలుక్కు లేచినోడు ఎవురు?"

నేను వంగి విడిచిన చెప్పులు సర్దాను.

"ఏడుకు మొగాన నీళ్ళు చల్లితే గానీ లేయని మనిషి, నలభై దినాలు నాలుక్కు లేచినాడంట. నా పక్కన పండుకున్నోడు ఎవురబ్బా అని ఆలోచన చేస్తాండా."

"నోరు జారింది."

"జారితే ఒక మాట జారతాది. నలభై దినాలు జారతాయా?"

పెద్దరికం వద్దని చెప్పడానికి లేచినవాణ్ణి, ఆ సాక్ష్యం దెబ్బకు ఎవరూ ఎదురు లేకుండా పెద్దనైపోయాను. బావమరిది దాన్ని కీబోర్డుకు ఆనించి పెట్టిన ఫోన్‌లో పట్టి, వెనుక సూర్యోదయం బొమ్మ అతికించి, ఉన్న గ్రూపులన్నిటికీ పంపాడు.

"బావా, నువ్వు పడేటప్పుడు బలే పడినావు," అన్నాడు. "ఆ పొద్దు నేను ఎత్తుకోకపోతే ఆణ్నే ఉంటాంటివి."

నిజమే, అక్కడే ఉండేవాణ్ణి. ఉండాల్సింది అక్కడే. కోయిలకుంట్ల దగ్గర ఒక సంఘం పిలిచింది, పోయాను. జమ్మలమడుగు వైపు నుంచి ఇంకొకటి, తుమ్మలపల్లె గనిలో పనిచేసేవాళ్ళ ప్రార్థన గుంపు ఒకటి పిలిచాయి, పోయాను. పోననడానికి కారణం చెప్పాలి కదా. నిజం చెప్పడం కంటే బస్సెక్కడం తేలిక. బావమరిది కీబోర్డు సంచీ భుజాన వేసుకొని వెంట వచ్చేవాడు. మూడో ఊరికి చేరేసరికి నా గుండెలో వెచ్చదనం వెలుగైంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలియదు. తుడుచుకోవడానికి చేతిరుమాలు మాత్రం ఇంటినుంచే తీసుకుపోయాను.

ఇంతవరకూ జరిగింది నలుగురిలో చెప్పి నవ్వించగలను. ఇక మీదటిది అలా చెప్పలేను.

మా సండే స్కూల్ టీచరమ్మకు డెబ్బై దాటాయి. నాకూ మా బావమరిదికీ, గుడిలో సగం మందికీ పాటలు నేర్పింది ఆమే. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, వసారాలో కూర్చొని, మా ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి పోయేదాకా ఆగింది.

"ఎవురికీ చెప్పొద్దప్పా. మా పాప పోయినప్పటి నుంచి నాకు ప్రార్థన రాలేదు. పిల్లోళ్ళ చేత చేపిస్తాండా, పాటలు పాడిస్తాండా. నేను మాత్రం ఉత్త పెదిమలు ఆడిస్తాండా. నీ మాట విన్నాక ప్రాణం లేచొచ్చింది. నీకు మళ్ళీ ఎట్ల వచ్చింది, నాయనా?"

"నాకూ రాలేదు, టీచరమ్మా." ఇంతే చెప్పాల్సింది. రాగం తీసేవాడు లేడు, వంగి చూసే తలలు లేవు. ఎవరూ నన్ను తోయలేదు. అయినా నేను ఆమె కళ్ళలో ఆశ చూసి, నేల మీద చాప అంచు చూసి, "నలభై దినాలు నాలుక్కు లేచి చూడండి," అన్నాను. లోపల మా ఆవిడ చేతిలో గ్లాసు గట్టిగా చప్పుడైంది.

నేను చూడని లైనుకు క్లియర్ ఇచ్చాను. ఆమె నమ్మి స్తంభం ఎక్కింది.

నలభై దినాలు లెక్కపెట్టుకొని వచ్చింది. రెండు మోకాళ్ళకూ నొప్పుల నూనె వాసన. చేతిలో ఒక గుడ్డ సంచీ. నోవహు ఓడ, దావీదు వడిసెల, తప్పిపోయిన గొర్రె, ఇలా గుడ్డ మీద అతికించి కథ చెప్పే బొమ్మలన్నీ అందులోనే ఉంటాయి. నా చిన్నప్పుడు ఆ గొర్రెను అతికించే వంతు కోసం నేనూ బావమరిదీ కొట్టుకున్నాము.

"నాకు రాలేదప్పా," అంది. "నీకిచ్చి నాకియ్యలేదంటే తప్పు నాలోనే యాదో ఉండాది. ఇంక పిల్లోళ్ళ ముందర నిలబడను. నువ్వు పెద్దవు గదా, ఈ సంచీ అయ్యగారికి ఇచ్చేయి."

పెద్దను! సంచీ పుచ్చుకున్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. బీరువాలో బట్టల వెనక దాచిపెట్టాను. రెండు ఆదివారాలు పిల్లలు టీచరమ్మ లేక గుడి వెనక దుమ్ములో ఆడుకుంటుంటే, నేను లోపల రొట్టె పళ్ళెం పట్టుకొని వరుసల మధ్య తిరిగాను. చివరి బెంచీ దగ్గర ఆమె తల వంచుకొని, వద్దన్నట్టు చేయి ఊపి, పళ్ళెం పక్కకు పంపించింది. తను పుచ్చుకోవడానికి తగనని. పళ్ళెం పట్టుకున్న నేను తగినవాణ్ణని. పళ్ళెం పక్కకు తిప్పడంలో ఒక రొట్టె ముక్క కింద పడింది. వంగి తీసుకున్నాను. ఆ వంగడంలో ముఖం దాచుకోవడానికి కాస్త ఆలస్యం కూడా చేశాను.

మూడో శనివారం బీరువా తెరిచి సంచీ తీశాను. మా ఆవిడ చూసింది.

"నిజం చెప్తే పెద్దరికం పోతాది," అన్నాను.

"పోనీ. నాలుక్కు లేచే మొగుడు గూడా పోతాడు. నాకు ఏడుకు లేచేటోడే అలవాటు."

టీచరమ్మ ఇంట్లో నేను కూర్చోలేదు. సంచీ పట్టుకొని గడప దగ్గర నిలబడే చెప్పాను. నాకు ఏమీ రాలేదని, వెలుగూ లేదు వెచ్చదనమూ లేదని, మైకు ముందర భయపడి కల్పించానని.

ఆమె మోకాళ్ళు పట్టుకొని కూర్చుంది.

"ఒక్క దినమన్నా లేచినావా?"

"లేదు."

"నాలుక్కు?"

"ఆరుక్కూడా లేదు, టీచరమ్మా."

"నలభై దినాలు," అంది. "ఈ మోకాళ్ళతో. కోడి లేయకముందు. ఒరే, పక్కింటోళ్ళు నాకు మతి చెడిందనుకున్యారు గదరా." ఆ తర్వాత ఆమె గొంతులోనుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్విందో ఏడ్చిందో నేను తలెత్తి చూడలేదు. "అయితే నా ఒక్కదానికే గాదన్నమాట రాంది."

"కాదు."

"ఆ మాట ఆ పొద్దే చెప్పింటే, ఇద్దరం కూకోని కాఫీ తాగింటాం." మళ్ళీ తనే అంది. "నాకొక్కదానికి చెప్తే సరా? మైకులో చెప్పింది మైకులోనే చెప్పాల. నీ మాట విని ఇంకా యాడ యెంతమంది లేస్తాండారో. నన్ను మాత్రం అందులోకి లాగొద్దు."

"సంచీ?"

"ఆడ పెట్టి పో. రేపు నువ్వు ఏం చెప్తావో విని చూస్తా."

మరుసటి రోజు కడప నుంచి అతిథులు వచ్చారు. వాళ్ళకు వినిపించడానికి అయ్యగారు నన్ను తనే పిలిచి మైకు చేతికిచ్చారు. చివరి బెంచీలో టీచరమ్మ కూర్చొని ఉంది. సంచీ ఒళ్ళో ఉంది.

"నేను నాలుక్కు లేచినానని చెప్పింది అబద్ధం," అన్నాను. "నలభై దినాలు అబద్ధం. వెలుగు అబద్ధం. ఆ మొదట చెప్పిందొకటే నిజం. రెండేండ్లు అన్న్యా, ఇప్పుడు మూడయింది. వినేవాడు ఉండాడో లేడో నాకు తెలీదు. నా మాట నమ్మి ఎవురన్నా లేచింటే, లేచినా రాకపోయింటే, తప్పు మీది కాదు. నాది."

ఈ మాటలకు ఆ సాయంత్రమే నా పెద్దరికం పోయింది. వందనాలు చెప్పేవాళ్ళలో కొందరు నన్ను చూసి చెప్పులు వెతుక్కోవడం నేర్చుకున్నారు. అదంతా తర్వాత. ఆ క్షణంలో ఎవరూ స్తోత్రం అనలేదు. అలవాటైన చేయి ఆగదు కదా, మా బావమరిది రాగం ఎత్తుకున్నాడు.

నేను కరెంటువాణ్ణి. మెయిన్ స్విచ్చు నా పక్క గోడకే ఉంది. దాని వైపు చూడలేదని చెప్పను. కానీ అది తీస్తే తప్పు కరెంటు మీదికి పోతుంది. అందుకని మైకు అలాగే నోటి దగ్గర పట్టుకొని, ఇంకా చెప్పబోతున్నవాడిలా నిలబడ్డాను. రాగం సన్నగా మొదలై పైకి ఎక్కింది. నేను నోరు తెరవలేదు. అతను నా వైపు చూసి కనుబొమలు ఎగరేసి, మళ్ళీ మొదటినుంచి ఎక్కించాడు. నేను అతని కళ్ళలోకే చూస్తున్నాను. మూడోసారి కుడి చేయి కీబోర్డు చివరిదాకా పోయింది. ఇక నొక్కడానికి మెట్లు లేవు. చిటికెన వేలు చివరి మెట్టు మీద నిలిచిపోయి, సన్నటి కూత ఒకటి గుడి అంతా తిరుగుతోంది.

"ఇంక ఆపరా, నాయనా," అంది వెనకనుంచి టీచరమ్మ గొంతు. "ఆయప్ప చెప్పేది అయిపోయింది." ఆమె లేచి నిలబడింది. సంచీ భుజానికి తగిలించుకొని, పిల్లలు ఆడుకునే వైపు తలుపు తెరుచుకొని పోయింది.

బావమరిది వేలు ఇంకా తీయలేదు. కిందికి దింపే మాట కోసం నా ముఖం చూస్తున్నాడు. నేను మైకు ఆపి, అతని కీబోర్డు మీదే పెట్టి, వెళ్ళి కూర్చున్నాను.