గుప్పెడు గోధుమలు

మా అత్త మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు. ఆమె నాకు అత్త మాత్రమే కాదు, మా నాన్నకు తోడబుట్టిన అక్క. మేనరికం చేసుకుని చంద్రపూర్ లాల్‌పేట్‌లోని ఈ ఇంటికి వచ్చాను. మామ బొగ్గుగనిలో పనిచేసి పోయాడు, ఇప్పుడు నన్ను చేసుకున్న మా బావ అదే గనిలో ఉన్నాడు.

పెళ్లైన కొన్నేళ్లకే నా కడుపు పాడైంది. ఏం తిన్నా ఉబ్బరం, విరేచనాలు. జుట్టు ఊడింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి నాగ్‌పూర్ డాక్టర్ తేల్చాడు. గోధుమలో ఉండే జిగురు నాకు పడదట. అది లోపలికి పోతే నా ఒళ్లే నా పేగుల మీద పడి కొడుతుందట. మందు లేదు, జన్మంతా గోధుమ ముట్టకూడదు, పిసరంత కూడా. నాకేం ఏడుపు రాలేదు. జొన్నరొట్టె తిని పెరిగినదాన్ని, ఇదీ ఒక శిక్షేనా అనుకున్నాను.

అత్తకు మాత్రం అది అవమానమైంది. పల్లె విడిచి గనుల ఊరికి వచ్చాక తన ఇంట్లో చపాతీ తప్ప జొన్నరొట్టె కాలలేదని గొప్పగా చెప్పుకునే మనిషి.

"చపాతీలు ఒత్తుడు తప్పిచ్చుకుంటందుకు నాటకం. మా రక్తంల గిసొంటి రోగాల్లేవు" అని చుట్టాలందరికీ చాటింది. రాజురాలో ఉండే తన తోటికోడలికైతే రోజూ ఫోనులో ఇదే పురాణం. ఆ మాట మా పుట్టింటికీ చేరింది. "అక్క మాట విను బిడ్డా, గట్ల మొండికేయకు" అన్నాడు మా నాన్న. ఎవరు నమ్మకపోయినా ఓర్చుకున్నాను, ఆ ఒక్క మాట మాత్రం గుచ్చుకుంది.

జొన్నలకు మారి నెలలు గడిచినా కడుపు బాగుపడలేదు. దొంగచాటుగా ఏమైనా తింటున్నారా అని డాక్టర్ మరాఠీలో అడిగాడు. బావ నా వైపు అనుమానంగా చూశాడు.

జొన్నలు పట్టించుకొచ్చేది అత్తే. ఒకరోజు ఆమెకు మోకాళ్లు పట్టేస్తే డబ్బా తీసుకుని నేనే పిండిగిర్నీకి వెళ్లాను. గిర్నీ నడిపేది మన తెలుగాయనే.

"ఏందక్కా, గోధుమలు మర్చిపోయినవా? పెద్దమ్మ ఎప్పుడు జొన్నలల్ల గుప్పెడు కలుపుకొస్తది, రొట్టె పలగద్దని" అన్నాడు.

జొన్నరొట్టె విరిగిపోకుండా కాస్త గోధుమ కలిపే అలవాటు మావైపు కొందరు ఆడవాళ్లకు ఉంది. పాత అలవాటు కొద్దీ మర్చిపోయి కలుపుతోందేమోనని ఇంటికి వచ్చేదాకా నాకు నేనే చెప్పుకున్నాను. రాగానే అత్తను నేరుగా అడిగాను. ఆమె మొహం కూడా మారలేదు.

"ఎరికతోనే కలిపిన. గుప్పెడు గోధుమలకు మనుషులు చస్తరా? నీ రోగం నిజమో కాదో సూద్దామనుకున్న."

"నేను పడ్డ తిప్పలు చూసినవు కదా అత్తా."

"సూసిన. అంత మనసుల రోగం."

పెద్దది, పోనియ్యి అన్నాడు బావ. నేను పోనివ్వలేదు. ఆ రోజు నుంచి జొన్నలు నేనే ఏరాను, ఇంట్లోనే విసురుకున్నాను. కడుపు కుదుటపడింది, ఒంట్లోకి బలం వచ్చింది. బలం వచ్చాక కోపమూ లేచి కూర్చుంది.

రక్తసంబంధీకులు కూడా పరీక్ష చేయించుకోవాలని డాక్టర్ మొదట్లోనే చెప్పాడు. అత్తకు ఎన్నేళ్లుగానో నీరసం, నోటిపూత, ఎన్ని గోలీలు మింగినా ఎక్కని రక్తం. మోకాళ్లు చూపిద్దామని చెప్పి నాగ్‌పూర్ తీసుకెళ్లి ఆ పరీక్షలూ చేయించాను. ప్రేమతో అనుకునేరు. కక్షతో. అనుకున్నదే తేలింది, ఆమెకూ అదే రోగం. నాకు అర్థం కానట్టు నటించి డాక్టర్‌తో రెండోసారి చెప్పించాను. తిరుగు రైల్లో అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను పుట్నాలు కొనుక్కుని హాయిగా తిన్నాను.

తర్వాత ఆమె రొట్టె కూడా నేనే చేశాను. అందులో ఏమీ కలపలేదు. కలపాలని చేయి మాత్రం దురద పెట్టింది.

కొన్నాళ్లకు రాజురాలో తోటికోడలి మనవరాలిని తొట్టెలలో వేసే వేడుక. చుట్టాలంతా వచ్చారు, మా నాన్న కూడా. భోజనాల బంతిలో గోధుమపిండి పోలెలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తున్నది నేనే. అత్త విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేయి అడ్డం పెట్టింది.

"నాకు పడయి."

తోటికోడలు పకపకా నవ్వింది. "ఏందక్కా, కోడలి నాటకం నీకూ అంటిందా?"

బంతి బంతంతా నవ్వింది. అత్త తలెత్తి నా వైపు చూసింది. "డాక్టర్ ఏమన్నడో జెర చెప్పవే."

"నాకేం ఎరిక అత్తా. నువ్వే చెప్పు" అన్నాను. పోలెల గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఆమె విస్తరిలోకి చూస్తూ మెల్లగా అంది. "నాటకం కాదు. దానిది నిజమైన రోగమే. నాకూ గదే ఉన్నది. ఎరికుండి దాని పిండిల గోధుమలు కలిపింది నేనే."

ఎదుటి వరసలో మా నాన్న ముద్ద నోటిదాకా తీసుకెళ్లి మళ్లీ విస్తరిలో పెట్టేశాడు. అత్త కళ్ల నీళ్లు అన్నం మీద పడుతున్నాయి. ఊరుకో అత్తా అని ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. తనివితీరా చూసి, అప్పుడు పక్క విస్తరిలో పోలె వేశాను.