నొప్పి బలం చూసే చెయ్యి

ఆదివారం ప్రార్థన ముగించుకుని చర్చి బయటికి వస్తుంటే ఫోనొచ్చింది. మా ఆసుపత్రి పెద్ద నర్సు, మేం పెద్ద సిస్టర్ అని పిలుచుకునే ఆవిడ, మంగళగిరిలో కూతురి ఇంట్లో నిద్రలోనే పోయారట. దర్శి చుట్టుపక్కల కాన్పు గదుల్లో పనిచేసే నర్సులం చాలామందిమి ఆవిడ చేతికింద తయారైనవాళ్లమే. ఏడుపొచ్చింది. అయినా ఆవిడ దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఇవాళ్టికీ గర్వమే.

నొప్పులు రావడానికి డ్రిప్పు పెట్టిన మనిషి పక్కన కుర్చీ వేసుకుని, పొట్ట మీద చెయ్యి ఆనించి కూర్చునేవారు. "నొప్పి ఎప్పుడొచ్చిందో మిషను చెప్పుద్ది. ఎంత గట్టిగా వచ్చిందో చెయ్యే చెప్పాలి. పొట్టకి కట్టిన బెల్టు వదులైతే మిషను గీత పడిపోద్ది" అనేవారు. కొత్తగా చేరినవాళ్ల చేత ముందు వాళ్ల మొహమే తడిమించేవారు. పొట్ట ముక్కు కొనలా తగిలితే చిన్న నొప్పి, గడ్డంలా ఉంటే మధ్యరకం, నుదురులా ఉంటే గట్టిది. మేం వరసగా మొహాలు నొక్కుకుంటుంటే ఆయాలు పడీపడీ నవ్వేవాళ్లు.

కాన్పు చూసే చేతికి కారం అంటకూడదని డ్యూటీ ఉన్న రోజు ఆవిడ మిరపకాయ ముట్టేవారు కాదు. పుట్టింది మిరప పండించే ఇంట్లోనే. పండుమిరప పచ్చడి నూరడం వాళ్లాయన పని. క్యారేజీ మూత తీసి, "మా ఆయన చేతి పచ్చడి" అంటూ అందరికీ గొప్పగా వడ్డించేవారు.

ఒకసారి మిరప కోతలకెళ్లే సన్నటి అమ్మాయికి తొలి కాన్పు. రోజులు దాటిపోయాయని డ్రిప్పు పెట్టాం. ఆ పిల్ల పళ్లు బిగించుకుని పడుకుంది, కిక్కురుమనలేదు. మిషను గీత కూడా పెద్దగా లేవలేదు.

"అరవట్లేదంటే నొప్పులు రానట్టే గదమ్మా. మందు పెంచండి" అంది అత్తగారు.

నేను చెయ్యి పెట్టాను. నుదురంత గట్టిగా ఉంది. నొప్పి తగ్గాక మెత్తబడాల్సిన పొట్ట మెత్తబడలేదు. బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. డ్రిప్పు ఆపేసి, ఆ అమ్మాయిని ఎడమ పక్కకు తిప్పి, పెద్ద సిస్టర్ గారిని పిలిచాను.

"ఏముందమ్మా?" అన్నారు.

"నుదురు, సిస్టర్. మధ్యలో వదలట్లేదు. ఆపేశాను."

"మంచి పని చేశావు. డాక్టరమ్మకి ఫోన్లో నువ్వే చెప్పు."

చెప్పాను. వస్తున్నానన్నారు డాక్టరమ్మ. అత్తగారికి మాత్రం నమ్మకం కుదరలేదు. "పెద్ద నర్సమ్మా, మీరొకసారి చెయ్యి పెట్టి చూడండి" అని బతిమాలింది.

"మా పిల్ల చూసింది గదమ్మా. ఇంక నా చెయ్యెందుకు?"

అలా అని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. నా చేతి కింద ఆ పొట్ట మెల్లగా మెత్తబడి, బిడ్డ గుండె చప్పుడు మళ్లీ పుంజుకునేదాకా ఆవిడ అలాగే నిలబడ్డారు.