కట్టు విప్పి చూసినవారి మాట

సహోదరులారా, సహోదరీలారా! యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో మా ఇంట ఆశ అన్నది లేకుండా పోయింది. నా భర్త యోహాను విజయనగరం దగ్గర గోనెసంచుల మిల్లులో పనిచేసేవారు. ఒకనాడు జనపనార బేలు జారి ఆయన కాలి మీద పడింది, పైపుండు మానినట్టే మాని లోపల ఎముక కుళ్లసాగింది, జ్వరంతో ఆయన ఒళ్లు కాలిపోతుంటే నేను పక్కన కూర్చుని ఏడుస్తూ ఉండేదాన్ని. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మగారు కట్టు విప్పి చూసి, ఆపరేషన్ చేయకపోతే కాలే కాదు, మనిషే దక్కడని చెప్పేశారు.

మిల్లులో కూలీలందరి జీతాల్లోంచి కోసి కూడబెట్టిన జబ్బు నిధి ఉంది, కాని అది మాకు అందాలంటే వైద్యం అవసరమేనని మేనేజరుగారు ఒప్పుకోవాలి. ఆయన మా ఆయన్ని చూడనైనా లేదు! తైలం రాస్తే చాలు, ఆపరేషన్ అక్కర్లేదని కుర్చీలోంచే తేల్చేశారు.

ఆ సాయంత్రం మోకాళ్ల మీద పడ్డాను. "తండ్రీ, నాకు మాటాడ్డం రాదు, నువ్వే నా నోట్లో ఉండు!" అని మొరపెట్టుకున్నాను. తెల్లవారగానే మా ఆయన్ని బండిలో పడుకోబెట్టి మిల్లు గేటు దగ్గరికే తోలించాను. మేనేజరుగారు బయటికి వచ్చారు. నా నోరు తడబడలేదు, దేవునికే మహిమ!

"బాబూ, కాలు సూసిన డాక్టరమ్మ కొయ్యాలంతంది, సూడని తమరు వద్దంతన్నారు. పేనం మీదికొచ్చినప్పుడు ఎవుల మాట ఇనాల? మీ సేత్తో ఈ కట్టిప్పి సూడండి బాబూ, అప్పుడు వద్దనండి!"

ఆయన బండి దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. ఆ వాసనకు చెయ్యి ముడి దాకా వెళ్లి ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇది నేను చెప్పాల్సిన మాట కాదమ్మా. డాక్టరమ్మ చెప్పినట్టే చేయించు" అన్నారు.

గేటు దగ్గరున్న పెద్ద కూలీ అప్పలస్వామి వెంటనే అందుకున్నాడు. "ఈ ఒక్కడికేనేటి బాబూ? మాకందరికీ అదే మాట ఉండాల!"

"అందరికీ అంతే" అన్నారు మేనేజరుగారు.

జబ్బు నిధి డబ్బుతో ఆపరేషన్ జరిగింది, కాలు దక్కింది! ఆలస్యమైనందుకు కొంచెం కుంటుతారు, అయినా ఇదిగో, మీ మధ్యే కూర్చున్నారు. మేనేజరుది మంచి మనసు అంటారు కొందరు. ఆ మనసును మెత్తబరిచినవాడు నా ప్రభువు, డాక్టరమ్మ చేతికి నేర్పు ఇచ్చినవాడూ ఆయనే! ప్రార్థన చేశాం కదా, ఇక వైద్యమెందుకని ఊరుకోకండి, పెద్దలు కాదన్నారు కదా అని వెనుదిరగకండి. మీ రోగిని ప్రభువు పాదాల దగ్గర పెట్టండి, ఆ తరువాత ధైర్యంగా వెళ్లి గేటు ముందు నిలబడండి. మీ పక్కన ఆయన నిలబడతాడు!