మంచం చుట్టూ బతుకమ్మ

ఈ ఏడు కూడా పుప్పాలగూడలో అద్దాల టవర్ల గేటు ముందు తంగేడు పూలు కుప్పపోసి అమ్ముతున్నారు. ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలితే చాలు, రోడ్డంతా కరిగిపోయి, గుండ్రాళ్ల గుట్టలూ, వాన వెలిసిన బురద బాటలూ, మక్కకంకులు కాల్చే పొగా, పూలమూట నెత్తిన పెట్టుకొని పాడుకుంటూ దిగివచ్చే మా బాపూ కళ్ల ముందు తేలుతారు.

బాపు తాపీమేస్త్రీ. మనసు పొంగిన రోజుల్లో ఆయనకు నిద్రుండదు, ఆకలుండదు. ఒక ఏడు గుట్టమీది పూలన్నీ తెచ్చి గుమ్మంలో పట్టనంత బతుకమ్మను పేర్చాడు; అది బయటికి రాకపోతే తలుపు రెక్కలే ఊడదీశాడు. వాడకట్టంతా నవ్వింది. ఆ సంబరంలోనే తన చేతి గడియారం విప్పి మా మేనమామకు పెట్టాడు. అమ్మ కూడా నవ్వింది కానీ, బాపు మీదినుంచి కన్ను మాత్రం తీయలేదు.

మరుసటి ఏడు పండుగకు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పలకడు, తినడు, పనికి పోడు. అమ్మ మంచం పక్కన కూర్చొని, నువ్వుల సత్తు ముద్దలు కడుతూ, ఆయన వింటున్నట్టే వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్పేది. అప్పుడే మమ్మల్ని తీసుకుపోదామని మామ వచ్చాడు.

“పిచ్చోనితోని ఎన్నేండ్లు ఏగుతవే? బట్టలు సదురుకో, పోదాం.”

అమ్మ ముద్ద కట్టడం ఆపలేదు. “నీ చేతికున్న గడియారం ఎవలిదన్నా? ఇచ్చిననాడు పిచ్చోడని వద్దన్నవా? ఇయ్యాల ఆయన మంచంల పండుకున్నడని ఇడిసిపెట్టి నేనేడికి రావాలె? పోయి జర పూలన్న తే.”

మామ సంచి పట్టుకొని గుట్టకు నడిచాడు.

ఆ సాయంత్రం అమ్మ బతుకమ్మను వాకిట్లో పెట్టలేదు. బాపు పక్కనే నిలిపి, మంచాన్ని కూడా కలుపుకొని చుట్టూ తిరుగుతూ పాడింది. వెనక నేను, నా వెనక వాడకట్టు అమ్మలక్కలు. దీపం వెలుగులో మా నీడలు గోడమీద నెమ్మదిగా ఈదుతుంటే, బాపు ఇటు తిరిగాడు. జారిపోతున్న గునుగు పువ్వొకటి చెయ్యిచాపి లోపలికి దోపాడు. అంతే. పండుగ తెల్లారి మామే ఆయన్ను దవాఖానకు తోలుకుపోయాడు. ఆ జబ్బును బైపోలార్ అంటారని, గోళీలు ఆపొద్దని అక్కడే తెలిసింది.

ఇప్పుడు ఆ గుట్టలు లేవు, టవర్ల కోసం పేల్చేశారు. మాతో తిరిగిన అమ్మలక్కలు ఎవరెక్కడున్నారో తెలియదు. గోళీలు వేసుకున్నా కొన్ని వానకాలాలు బాపును ముంచేస్తాయి. అమ్మ ముచ్చట్లు ఆపదు.

మొన్న మా కిరాయింటి మెట్లమీద చాయ్ తాగుతూ బాపు అమ్మను అడిగాడు: “ఆనాడు మీ అన్నెంట ఎందుకు పోలేదే?”

“బస్సు ఎల్లిపోయింది, గందుకే.”

బాపు నవ్వాడు. అలవాటుకొద్దీ నేనూ అమ్మా ఆ నవ్వును చెవిపెట్టి విన్నాం. మనసు పొంగిన నాటిది కాదు, మామూలు నవ్వే. అమ్మ తన చాయ్ గ్లాసు మళ్లీ నోటికెత్తుకుంది.