నోట మిగిలిన పేరు

పెళ్ళయి ఇరవై ఏళ్ళు కాపురం చేసినా మా ఆయన పేరు నేను ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. యుద్ధం రోజుల్లో రేషన్ కార్డు రాయడానికి గుమాస్తా చిత్తూరులోని మా ఇంటికి వచ్చి "యజమాని పేరేందమ్మా?" అని అడిగితే, పక్కింటావిడను కేకేసి ఆమె చేత చెప్పించాను. నేనని ఏముంది, ఆ పేరు పిలిచేవాళ్ళే లేరు. ఆయన బడిపంతులు. వీధికంతా అయ్యోరు. వాళ్ళమ్మకు అబ్బోడు. నాకు "ఏమండీ". అంత మంచి పేరు ఎవరూ వాడకుండా పడి ఉండేది.

ఆ ఏడు బియ్యం దొరక్క రెండు పూటలా సంగటే. ఒక పొద్దున సంగటి కెలుకుతుంటే చేతిలోంచి తెడ్డు జారిపోయింది. తీసుకుందామని వంగాను. కుడి చెయ్యి రాలేదు, కుడి కాలు నిలవలేదు. పొయ్యి పక్కనే పడిపోయాను. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. అత్త పరుగెత్తుకొచ్చింది. "అత్తా, చెయ్యి లేవడం లేదు" అని చెప్పాలనుకున్నాను. నోట్లోంచి మా ఆయన పేరు వచ్చింది.

మళ్ళీ చెప్పబోయాను. మళ్ళీ అదే వచ్చింది. అత్త నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

పెద్దాసుపత్రి డాక్టరు చూసి పక్షవాతమన్నాడు. కాలూ చెయ్యీ కొంత కోలుకోవచ్చునని, మాట సంగతి మాత్రం చెప్పలేనని అన్నాడు. జట్కాలో ఇంటికి తెచ్చి నడవలో మంచం వేశారు. అక్కడ మొదలైంది నా నరకం. నీళ్ళు కావాలన్నా ఆ పేరే. దొడ్డికి పోవాలన్నా ఆ పేరే. ఈగ వాలిందన్నా, చచ్చిపోతే బాగుండునన్నా అదే. లోపల అన్ని మాటలూ ఉన్నాయి, నాకు తెలుస్తూనే ఉన్నాయి. పెదవుల దాకా వచ్చేసరికి అన్నీ ఆ ఒక్కటే అయిపోయేవి. ఆయన పలక తెచ్చి ఎడమ చేతికి బలపం ఇచ్చారు. ఆయనే నేర్పిన అక్షరాలు, ఒక్కటీ కుదరలేదు. పలక పక్కకు తోసేసి ఏడ్చాను. ఏడుపులోనూ అదే పేరు.

మొగుడి పేరు పలికితే అతని ఆయుస్సు తగ్గుతుందని మా వైపు నమ్మకం. నేనూ నమ్మేదాన్ని. రోజుకు వందసార్లు పలుకుతున్నదాన్ని, నమ్మక ఎక్కడికి పోతాను?

"నా బిడ్డను మింగేదానికే బతికినావా మే?" అని అత్త తల కొట్టుకునేది. "నోరు పడిపోయేది పూర్తిగా పడిపోకూడదా?"

నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించేది.

వీధిలో పిల్లలకు ఇదొక ఆట అయింది. గోడ వెనక నక్కి, నాలాగే సాగదీసి ఆయన పేరు పిలిచి పారిపోయేవాళ్ళు. బడిలో కూడా వెనక బెంచీనుంచి ఎవడో పిలిచాడట. ఆ సాయంత్రం ఆయన వచ్చి నా మంచం పక్కన నిలబడి చేతులు జోడించారు. "నీకు దణ్ణం పెడతా. ఇంగ పిలవాకు" అన్నారు. పిలవనని చెబుదామని నోరు తెరిచాను. ఏం వచ్చి ఉంటుందో మీకు తెలుసు. ఆయన గిర్రున తిరిగి అరుగు మీదికి పోయారు. అప్పటినుంచి తిండి, పడక అక్కడే.

అయినా ఒక విచిత్రం జరిగింది. నెల తిరిగేసరికి ఆ పేరు నేను పలికే తీరును బట్టి నాకేం కావాలో ఆయనకు తెలిసిపోయేది. అరుగు మీదినుంచే "అమ్మా, దానికి దప్పికగా ఉండాది" అనేవారు. "కాలు లాగతా ఉందేమో సూడు" అనేవారు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇరవై ఏళ్ళు అన్ని మాటలతో మాట్లాడినా నా మనసు ఆయన అంత బాగా కనిపెట్టలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. సిగ్గుతో నిండిపోయిన బుర్రలో దానికి చోటు లేదు.

అత్త నాకు మాటలు నేర్పడానికి పూనుకుంది. పసిబిడ్డలకు రాసినట్టు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. నీళ్ళ చెంబు ఎదురుగా పట్టుకుని "నీళ్ళు అను, ఇస్తా" అనేది. ఆయన పేరు వస్తే చెంబు వెనక్కి పోయేది. గొంతు ఎండి, పళ్ళు కొరికి, నాలుక కరుచుకుని, నాలుగో నెలలో "నీ" అన్నాను. ఆ తర్వాత "అత్త" వచ్చింది. ఒక్కో మాటా వచ్చేకొద్దీ ఆ పేరు వెనక్కి తగ్గింది. ఏడాది నిండకుండానే పూర్తిగా మానేశాను.

అత్త తిరుమలకు మొక్కుకుని ఉంది. బొగ్గుతో నడిచే బస్సులో ముగ్గురం తిరుపతి పోయాం. నా కాలు నడవాలని మొక్కిందనుకునేరు, కాదు. కోడలు పేరు పలకడం మానితే అలిపిరినుంచి మెట్లెక్కి వస్తానని మొక్కింది. ఎక్కింది కూడా. ఈడ్చుకు నడిచే నేను కిందే కూర్చుండిపోయాను. ఆయన నాకు తోడున్నారు. "ఏమండీ" అని పిలిచాను, జబ్బు తర్వాత మొదటిసారి. ఆయన "ఊఁ" అని నా వైపు చాలాసేపు చూశారు. సంతోషమనుకున్నాను.

తర్వాత రెండేళ్ళకు ఆయనకు విషజ్వరం వచ్చింది. పదో రోజు మధ్యాహ్నం, అత్త బావికి పోయినప్పుడు, నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"అప్పుడు పిలస్తా ఉంటివే" అన్నారు. "ఒక్కసారి పిలువు. నన్ను ఎవురూ అట్ల పిలవలా."

పేరు నాలుక మీదే ఉంది. అడ్డేమీ లేదు. చెయ్యి మళ్ళీ ఆడుతోంది, మూతి వంకర తీరింది, ఏ మాట కావాలంటే ఆ మాట వస్తుంది. భయం కూడా తిరిగొచ్చింది. జ్వరంలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే ఏమవుతుందోనని.

"ఊరుకోండి, అవేం మాటలు. గంజి తాగుతారా?" అన్నాను.

ఆయన గోడవైపు తిరిగారు. మూడోనాడు పోయారు.

శవం పక్కన కూర్చుని అత్త వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించింది. "పిలిసి పిలిసి సంపుకున్నాది" అంది. కోలుకున్నావమ్మా, నీ అదృష్టం అని ఇప్పటికీ ఊళ్ళో వాళ్ళు అంటారు. ఆ మధ్యాహ్నం ఒక్క నిమిషం నా జబ్బు తిరిగొచ్చి ఉంటే పిలిచి ఉండేదాన్ని.