గురువారం కూడికకు వచ్చిన పదకొండు మంది

పోయిన ఆదివారం ఆశీర్వాదానికి ముందు మా పాస్టరుగారు ఒక ప్రకటన చదివారు. పండగకు ఒక పార్టీవాళ్లు మా సంఘంలో ఇంటికొక చీర, ఒక కేకు ఇవ్వదలిచారట. కావలసినవాళ్లు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఇంట్లో పెద్దవాళ్లెందరో రాసి ఇవ్వాలట. ఆరాధన ముగిశాక ఆ కాగితం దగ్గర నలభై మూడు మంది నిలబడ్డారు. అంతకు కాసేపటి ముందు ప్రభు భోజనానికి లేచినవాళ్లు ముప్పై ఎనిమిది మంది. రెండూ నేను లెక్కపెట్టాను. "మీరు రాయరా టీచరమ్మా? చీరలు మంచిగున్నయంట," అంది పక్కనావిడ. నాకు చీర ఇచ్చేవాడికి నా ఇంట్లో ఓట్లెన్నో దేనికి? రాయనన్నాను. పేర్లు రాసిన కాగితం ఎక్కడికైనా నడిచి వెళ్లగలదని నాకు తెలిసింది మా వదిన ఇంట్లో, ఒక గురువారం మధ్యాహ్నం.

వదిన అంటే మావారి అక్క. సీతాఫల్‌మండిలో రైలు పట్టాలకు దగ్గరగా రెండు గదుల ఇంట్లో ఉండేది. గురువారం మూడు గంటలకు అక్కడ ఆడవాళ్ల ప్రార్థన కూడిక. చాప మీద కొందరు, మంచం మీద మోకాళ్ల నొప్పులవాళ్లు. రైలు వెళ్లేటప్పుడు ప్రార్థన ఆపి, వెళ్లాక మళ్లీ అందుకునేవాళ్లం. మంచం మీది ఒకావిడ ప్రార్థన మొదలుపెడితే ఆపగలిగింది రైలొక్కటే. చివర వదిన అల్లం టీ ఇచ్చేది. హాజరు రాయడం నా పని. ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన చెయ్యి ఊరికే ఉండదు. తేదీ, వచ్చినవాళ్ల పేర్లు, ఎవరు ఏ మనవి చెప్పారు, అది నెరవేరిందా లేదా, అన్నీ గడులు గీసి రాసేదాన్ని. నెరవేరినవాటికి ఎర్ర సిరాతో టిక్కు.

అది ఎన్నికలు దగ్గరపడుతున్న కాలం. ప్రార్థనలు జరిగే ఇళ్ల గురించి ఎవరో ఆరా తీస్తున్నారని చర్చిలో గుసగుసలు. సరిగ్గా అప్పుడే, బోనాల తర్వాతి గురువారం, ఒక కొత్తామె వచ్చింది. యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది. యాప్రాల్‌లో చర్చిలు లేవా? ఒక వారం బొట్టుతో వచ్చేది, మరో వారం లేకుండా. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆమె చేతిలోని చిన్న పుస్తకం. ఎవరు మనవి చెప్పినా వంగి ఏదో రాసుకునేది. నేను వదినను వంటింట్లోకి పిలిచి చెప్పాను. "ఆమె రాసుకుంటే నీకెందుకే? నువ్వు రాయట్లేదా?" అంది వదిన. నేను రాయడం వేరన్నాను.

మాలో ఒకామె కుట్టుమిషను పెట్టుకుని కూతురిని నర్సు చదివించింది. ఆ అమ్మాయికి ఎస్సీ కోటాలో ప్రభుత్వాసుపత్రి ఉద్యోగం వచ్చి, సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగి ఉంది. క్రైస్తవంలోకి మారారంటే ఆ సర్టిఫికెట్ చెల్లదు. అమ్మాయి బాప్తిస్మం తీసుకోలేదు. కానీ తల్లితోపాటు వచ్చి చాప మీద కూర్చునేది, ఎనిమిది గురువారాలు ఆమె పేరు నా పుస్తకంలో ఉంది. ప్రార్థన చేసినంత మాత్రాన వాడకట్టులో వాళ్లను చూసే చూపేమీ మారలేదు. కాగితం మాత్రం మారాలంటారు.

ఒక గురువారం, ముగింపు ప్రార్థనకు ముందు, ఒకతను గుమ్మంలో నిలబడ్డాడు. తెల్ల చొక్కా, ఒక చేతిలో ఫోను, నోట్లో చాలా మర్యాద. "నమస్తే అమ్మా. ఊకెనే వచ్చిన. గల్లీల ఎవరికేం తక్లీఫ్ ఉందో రాసుకుంటున్నం. ఈడ పది మంది వస్తరంట గద?"

"వస్తుంటారు, పోతుంటారు బాబూ. టీ తాగుతావా?" అంది వదిన.

అక్కడితో పోయేది. కానీ తప్పు అంకె నా ఎదుట ఎప్పుడూ నిలవలేదు. "పది కాదు, పదకొండు," అన్నాను.

అతను నా వైపు, తర్వాత నా ఒళ్లో పుస్తకం వైపు చూశాడు. "అరె, మీరు రాసి పెడ్తరా? మంచి పని. జెర ఇయ్యండి, ఒక ఫొటో తీస్కుంటా."

కుట్టుమిషనామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాప్రాల్ ఆమె చెయ్యి చాచి నా ఒళ్లోంచి పుస్తకం తీసుకుని మూసింది. "అండ్ల ఆడోళ్ల జాకెట్ కొలతలున్నయి తమ్మీ. ఫొటో తీస్తవా?" అంది. అతను ఫోను జేబులో పెట్టుకుని, టీ కూడా తాగకుండా దిగిపోయాడు.

"ఆమెన్ అనకముందే అబద్ధమాడావు. కాసేపు ఆగాల్సింది," అంది వదిన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అప్పుడు కూడా నా అనుమానం పోలేదు. "నీ పుస్తకం చూపించు," అన్నాను. ఆమె ఇచ్చింది. అందులో ఒక్క పేరు లేదు. 'రైలామె మోకాళ్లు. మిషనామె బిడ్డ నౌకరి. లెక్కలామె భయం పోవాలె.' పేర్లేవని అడిగాను. "దేవునికి ఎరుకే గదమ్మా. ఇంకెవలకు ఎరుకైతే ఏం ఫాయిదా? చర్చి పుస్తకంల పేరుండబట్టే మా ఆయన నౌకరి పోయింది. అందుకే మమ్ముల ఎరిగినోళ్లు లేని తావుకు వస్తున్న," అంది.

ఆ సాయంత్రమే వదిన నా చేత పేర్లున్న కాగితాలన్నీ చింపించి, పెరట్లో కాల్పించింది. పరిశీలన గడిచింది, అమ్మాయి ఉద్యోగంలో చేరింది. టిక్కు పెట్టడానికి గడి లేదు. కుట్టుమిషనామె మాత్రం మళ్లీ కూడికకు రాలేదు. బజారులో కనబడితే "బాగున్నరా టీచరమ్మా" అని దారి మారేది. యాప్రాల్ ఆమెకు జడిసి కాదు, నాకు జడిసి.

ఒక లెక్క నాకు ఈనాటికీ మింగుడుపడదు. పది అని అతనికి ఎవరు చెప్పారు? వదిన ఇంటి మనిషి, ఆమెను కలపకుండానే వీధిలో నిలబడి లెక్కపెట్టినవాడికి పదకొండు మంది కనబడతారు. లోపల కూర్చుని, తనను వదిలేసి లెక్కపెట్టుకున్న మనిషికే పది మంది వస్తారు. ఈ మాట వదినతో అంటే, "అందులో నువ్వూ ఉన్నావే, వదిలెయ్," అంది. వదిన పోయి నాలుగేళ్లయింది. ఆ గురువారం చాప మీద ఎవరెక్కడ కూర్చున్నారో వేళ్లు మడిచి గుర్తు చేసుకుంటే నన్ను కలుపుకుని తొమ్మిది ముఖాల దగ్గర ఆగిపోతాను. నేను అనుమానించవలసిన మనిషి మిగిలిన ఇద్దరిలో ఉంటే, కాలం ఆమెను నా చేతికి చిక్కకుండా ఎప్పుడో దాటించేసింది.